తోలు పనికి సిలిండర్ ఆర్మ్ మెషిన్: కొత్తది కొనాలా, ఉన్నదాన్నే మార్చుకోవాలా?

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు తోలు పని చేసేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. (సిలిండర్ ఆర్మ్ అంటే కింద బల్ల బదులు గొట్టంలాంటి చేయి ఉన్న మెషిన్.) "పాత మెషిన్ ఒకటి ఉంది. దానికే మోటారు మార్చి నడుపుకోవాలా, కొత్తది కొనాలా? కొంటే చిన్నదా, పెద్దదా?" ఎదుటివాళ్ళు కుట్టేదేంటో తెలుసుకోకుండా దీనికి జవాబు చెప్పడం తప్పు. పర్సులు కుట్టేవాళ్ళకు పనికొచ్చే మెషిన్ ఎడ్ల పట్టెడలు కుట్టేవాళ్ళకు దండగ. పట్టెడలు కుట్టే మెషిన్ మీద పర్సు పెడితే తోలు పాడవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెషిన్‌లో మనం మార్చుకోగలిగేవి కొన్ని ఉన్నాయి: మోటారు, పుల్లీలు, పాదాలు (తోలును పై నుంచి నొక్కేవి), ఫీడ్ పళ్ళు (కింది నుంచి తోలును జరిపేవి), సూది ప్లేటు, టెన్షన్ (దారం బిగువు) స్ప్రింగులు, టేబులు. ఎంత డబ్బు పోసినా మార్చలేనివి కొన్ని ఉన్నాయి: హుక్ (కింద సూది దారాన్ని పట్టి తిప్పే కొక్కెం) సైజు, సూది సిస్టమ్ (మెషిన్‌కి పట్టే సూది రకం), సూది కడ్డీ పైకీ కిందికీ ఆడే దూరం, పాదం లేచే ఎత్తు, ఆర్మ్ మందం, పొడవు. మీ పనికి అడ్డుపడుతున్నది మొదటి రకమైతే రిపేరు చేయించుకోండి. రెండో రకమైతే ఆ మెషిన్ మీద ఇంకో రూపాయి కూడా పెట్టకండి.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు దారం. చాలామంది తోలు మందం చూసి మెషిన్ ఎంచుకుంటారు గానీ, అసలు హద్దు గీసేది దారమే. లాక్‌స్టిచ్‌లో (పై దారం, కింది దారం పెనవేసుకునే మామూలు మెషిన్ కుట్టు) ప్రతి కుట్టుకీ పై దారం ఉచ్చులా విచ్చుకుని, బాబిన్ కేసు (కింది దారం చుట్టి ఉండే డబ్బా) చుట్టూ పూర్తిగా తిరిగి వస్తుంది. దారం లావైతే ఆ దారిలో సందు కూడా ఎక్కువ కావాలి. చిన్న హుక్‌లో లావు దారం పెడితే బాబిన్ కేసు పక్కన ఇరుక్కుని, ఒక్కో కుట్టు దగ్గర "టిక్"మని లాగుతుంది. కాసేపటికి పోగులు లేచి తెగిపోతుంది. టెన్షన్ ఎంత తిప్పినా ఇది తగ్గదు.

మన షాపుల్లో బాండెడ్ నైలాన్ దారాన్ని టికెట్ నంబరు చెప్పి అమ్ముతారు. నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. అంచనాకు ఈ పట్టిక పనికొస్తుంది. ప్యాచర్, మీడియం, హెవీ అంటే ఏంటో కింద వరసగా చెబుతాను.

| దారం టికెట్ | సూది సైజు | మామూలుగా ఏ పనికి | సరిపోయే మెషిన్ |
|---|---|---|---|
| 40 | 16–18 | పర్సులు, లైనింగ్, గొర్రె తోలు | ప్యాచర్, మీడియం |
| 30 | 18–19 | చేతి సంచులు, సీటు కవర్లు | మీడియం |
| 20 | 22–23 | నడుం బెల్టులు, మందం బ్యాగులు | మీడియం |
| 13 | 23–24 | పనిముట్ల బెల్టులు, కత్తి ఒరలు | హెవీ (మీడియంకు కష్టం) |
| 10 | 24–25 | పట్టెడలు, జీను పని | హెవీ మాత్రమే |

తర్వాత మందం. స్కేలు పెట్టి, పాదం కిందికి వెళ్ళే అన్ని పొరలూ కలిపి కొలవండి. 3 మి.మీ. తోలు రెండు పొరలు, మధ్యలో మెత్త, అంచున మడత అంటే చూస్తుండగానే 12 మి.మీ. అవుతుంది. మామూలు చోట కాదు, అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట కొలవాలి.

మూడోది ఆకారం. అసలు సిలిండర్ ఆర్మ్ అవసరమా అని ఒక్కసారి ఆలోచించండి. చదునైన బెల్టులు, సీటు కవర్లు, పర్సులు మాత్రమే కుట్టేవాళ్ళకు వాకింగ్ ఫుట్ (తోలుతో పాటు నడిచే పాదం) ఉన్న ఫ్లాట్ బెడ్ (కింద చదునైన బల్ల ఉన్న) మెషిన్ చాలు, పని కూడా దాని మీదే హాయిగా సాగుతుంది. 16వ నంబరు హైవే వెంబడి లారీ సీట్లు కుట్టే షాపుల్లో ఎక్కువగా ఉండేవి అవే. బ్యాగు పక్కలు, ఒరలు, చెప్పుల పైభాగం, వంపు తిరిగిన పట్టెడ లాంటి గుండ్రటి పనికే సిలిండర్ ఆర్మ్ కావాలి. అయితే సిలిండర్ ఆర్మ్‌కు పైన ఒక టేబులు బిగిస్తే ఫ్లాట్ బెడ్‌లా వాడుకోవచ్చు. ఫ్లాట్ బెడ్‌ను మాత్రం సిలిండర్ చేయలేం. రెండు రకాల పనీ వచ్చేవాళ్ళు ఒకే మెషిన్ కొనాల్సి వస్తే సిలిండర్ వైపే మొగ్గాలి.

విడిభాగాలు, మెకానిక్, కరెంటు సంగతి కింద వేర్వేరు చోట్ల చెబుతాను.

ప్యాచర్: రిపేరు షాపు మెషిన్

సింగర్ 29కె, దాని నమూనా మీద వచ్చిన మెషిన్లు. చెప్పుల రిపేరు బండ్ల దగ్గర చక్రం తిప్పుతూ కుట్టేవి ఎక్కువగా ఇవే. దీని గొప్పతనమంతా పాదంలో ఉంది. కింద ఫీడ్ పళ్ళు ఉండవు, పాదమే తోలును పట్టుకుని జరుపుతుంది. ఆ పాదాన్ని ఎటు కావాలంటే అటు, పూర్తి చుట్టూ తిప్పుకోవచ్చు. బూటు లోపల కూడా, తోలును కదపకుండా దిక్కు మార్చి కుట్టవచ్చు. సన్నటి ఆర్మ్ బూటు మూల దాకా వెళ్తుంది.

ఆ పాదమే దీని లోపం కూడా. తోలును పై నుంచి పళ్ళతో పట్టి లాగుతుంది కాబట్టి ముద్ర పడుతుంది. కుట్టు పొడవు ఒకేలా రాదు. బాబిన్ చిన్నది, దారం తొందరగా అయిపోతుంది. కొత్త పర్సులు, బ్యాగులు చేసి అమ్మాలనుకునేవాళ్ళకు దీన్ని సిఫారసు చేయను. రిపేరు పనికి మాత్రం దీని పక్కన ఏదీ నిలవదు, పాతదైనా సరే పారేయకండి. దీనికి మోటారు పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. పెద్ద చక్రం, చేతి పిడి ఉంటే ఒక్కో కుట్టూ కళ్ళతో చూస్తూ వేయవచ్చు, రిపేరుకు కావాల్సింది అదే.

మీడియం సిలిండర్ ఆర్మ్: ఎక్కువమందికి ఇదే

జూకీ ఎల్‌ఎస్-341, ఫాఫ్ 335, సీకో, అడ్లర్ కంపెనీల్లో ఈ తరగతివి, వాటిని చూసి చైనాలో తయారైనవి. ఇలాంటి వాటిలో ఎక్కువ భాగానికి సూది, పాదం, ఫీడు మూడూ కలిసి కదులుతాయి. సూది తోలులో ఉండగానే తోలు జరుగుతుంది కాబట్టి పై పొర, కింది పొర ఒకదాని మీద ఒకటి జారవు. మెత్తని నున్నటి తోలు కుట్టేవాళ్ళకు ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

వీటి సహజమైన పరిధి టికెట్ 40 నుంచి 20 వరకు, మందం 8 నుంచి 10 మి.మీ. దాకా. చేతి సంచులు, నడుం బెల్టులు, పౌచ్‌లు, చీమకుర్తి క్వారీల వైపు అడిగే చేతి తొడుగులు, పనిముట్ల సంచులు అన్నీ ఇందులోకి వస్తాయి. నెల్లూరు గొర్రె వెంట్రుక జాతి, ఉన్ని జాతి కాదు. అలాంటి గొర్రెల తోలు పల్చగా ఉన్నా బిగువుగా ఉంటుంది. దానికి టికెట్ 40 దారం, 16 సూది పెట్టి ఈ తరగతి మెషిన్‌లో కుడితే కుట్టు ముద్దొచ్చేలా పడుతుంది.

మీడియంలోనే రెండు రకాలు ఉన్నాయి, ఎంచుకునేటప్పుడు గమనించాలి. ఫాఫ్ 335 తరహాలో ఆర్మ్ సన్నం, చిన్న పౌచ్ మూల దాకా దూరుతుంది, అంచు పట్టీ కుట్టడానికి పెట్టింది పేరు. కానీ బాబిన్ చిన్నది. ఎల్‌ఎస్-341 తరహాలో హుక్ పెద్దది, బాబిన్‌లో దారం ఎక్కువ పడుతుంది, ఆర్మ్ మాత్రం లావు. చిన్న చిన్న వస్తువులు చేసేవాళ్ళు మొదటిది, సంచులు చేసేవాళ్ళు రెండోది తీసుకోవాలి. రెంటికీ సూది వేరు: 335కి 134-35 సిస్టమ్, 341కి 135×17. ఈ రెండోదే తోలుకు 135×16 పేరుతో, మొన మాత్రం తోలు కోసే రకంలో వస్తుంది. గుడ్డకు వాడే గుండ్రటి మొన సూది తోలును కోయదు, పొడుచుకుంటూ పోతుంది. కుట్టు వదిలేస్తోందని మెకానిక్‌ని పిలిచే ముందు సూది ప్యాకెట్ మీద ఏం రాసి ఉందో చూడండి.

హెవీ: 441 తరగతి

జూకీ టీఎస్‌సీ-441, దాని చైనా నమూనాలు. ఆర్మ్ 16 అంగుళాలకు పైగా పొడవు, పెద్ద షటిల్ (హుక్ పని చేసే భాగం), 794 సిస్టమ్ సూది, 20 మి.మీ.కి దగ్గర మందం. టికెట్ 10 దారం ఇందులో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. గరిష్ఠ వేగం నిమిషానికి 800 కుట్లు. దీన్ని ఎవరూ ఆ వేగంతో నడపరు, నడపకూడదు కూడా.

ప్రకాశం జిల్లాలో ఈ మెషిన్‌కి సొంత పని ఉంది. ఒంగోలు గిత్త మెడ మామూలు మెడ కాదు. మువ్వల పట్టెడ, గంటల పట్టెడ రెండు పొరల మందపు తోలుతో, మధ్యలో మెత్త పెట్టి కుట్టాలి. బండ లాగే పందెంలో ఎద్దు ఒక్కసారి ముందుకు ఉరికితే ఆ కుట్టు మీద పడే బరువు మామూలుది కాదు. అలాంటి చోట టికెట్ 20 దారంతో రెండు వరుసలు కుట్టి సరిపెట్టడం నాకు నచ్చదు. కుట్టు తెగితే దెబ్బ తగిలేది పశువుకు, లేదా పక్కన నడిచే మనిషికి. ఇలాంటి ఆర్డర్లు ఏడాది పొడవునా వచ్చేవాళ్ళు మరో ఆలోచన పెట్టుకోకుండా హెవీ కొనాలి. ఏడాదికి నాలుగైదు ఆర్డర్లే వస్తే రెండు సూదులతో చేత్తో కుట్టుకోవడం మేలు. చేతి కుట్టు మెషిన్ కుట్టు కంటే గట్టిదే, ఒక దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది.

హెవీ కొన్నవాళ్ళకు వచ్చే కష్టం పల్చటి తోలు దగ్గర మొదలవుతుంది. ఫీడ్ పళ్ళు కింది వైపు గాట్లు పెడతాయి, సూది ప్లేటు రంధ్రం వెడల్పుగా ఉండి మెత్తని తోలును లోపలికి లాగేస్తుంది. దీనికి మందు ఉంది. పళ్ళు తీసేసి, సన్నటి చీలిక ఉన్న సూది ప్లేటు బిగించి, పాదం ఒత్తిడి తగ్గించి, పై కింది టెన్షన్లు రెండూ వదులు చేస్తే 4 మి.మీ. బెల్టు దాకా బాగానే కుడుతుంది. అంతకంటే కిందికి దిగాలని చూడకండి. పర్సు లైనింగ్ దీని పని కాదు.

మోటారు: ఎక్కువమందికి పనికొచ్చే మార్పు

ప్యాచర్ కాని పాత మెషిన్ మీద ఒక్క మార్పుకే డబ్బుందంటే అది మోటారుకే పెట్టమంటాను. క్లచ్ మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతూనే ఉంటుంది, తొక్కితే పట్టుకుంటుంది. మోటారు పుల్లీ 50 మి.మీ., మెషిన్ చక్రం 150 మి.మీ. అనుకుంటే నిమిషానికి 480 కుట్లు, అంటే సెకనుకు 8. కాలితో నేర్పుగా జార్చుతూ నడిపే పాత కుట్టుపనివాళ్ళు ఉన్నారు, వాళ్ళకు దండం. కొత్తవాళ్ళకు మూల తిరిగే చోట అదుపు తప్పుతుంది.

సర్వో మోటారును (ఎలక్ట్రానిక్ బోర్డుతో వేగం మార్చుకోగలిగేది) 200 చుట్లకు దించితే అదే పుల్లీలతో నిమిషానికి 67 కుట్లు, దాదాపు సెకనుకు ఒకటి. తొక్కినప్పుడే తిరుగుతుంది కాబట్టి కరెంటు ఆదా, చప్పుడు ఉండదు. కానీ అంత నెమ్మదిలో సర్వోకు బలం చాలదు. మందం తోలులోకి సూది సగం దిగి ఆగిపోతుంది, చేత్తో చక్రం తోయాల్సి వస్తుంది. అందుకే మధ్యలో 3:1 స్పీడ్ రెడ్యూసర్, అంటే చిన్నా పెద్దా పుల్లీలు ఒకే ఇరుసు మీద ఉన్న జత, పెట్టాలి. వేగం మూడో వంతుకు తగ్గి నిమిషానికి 22 కుట్లు అవుతుంది. బలం మూడింతలు పెరుగుతుంది, రాపిడికి పోయేది కొంచెమే.

| | క్లచ్ | సర్వో | సర్వో + రెడ్యూసర్ |
|---|---|---|---|
| నెమ్మదిగా కుట్టడం | కాలి నేర్పు మీద ఆధారం | బాగుంటుంది | చాలా బాగుంటుంది |
| మందం తోలులో బలం | ఉంటుంది | నెమ్మదిలో తక్కువ | ఎక్కువ |
| ఓల్టేజీ ఎగుడుదిగుడు | తట్టుకుంటుంది | బోర్డు పోయే ప్రమాదం | బోర్డు పోయే ప్రమాదం |
| ఊళ్ళో రిపేరు | మోటారు వైండింగ్ షాపు చాలు | బోర్డు మార్చాలి | బోర్డు మార్చాలి |

పల్లెల్లో ఉండి, ఓల్టేజీ నిలకడ లేనివాళ్ళు సర్వోతో పాటు స్టెబిలైజర్, సరైన ఎర్తింగ్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోవాలి. ఉరుములు మొదలైతే ప్లగ్ తీసేయాలి. మీడియం మెషిన్‌కి సర్వో ఒక్కటే చాలు. హెవీకి రెడ్యూసర్ తప్పనిసరి. రోజంతా పొడవాటి సీటు కుట్లు వేసే షాపుకు మాత్రం క్లచ్ ఉంటే ఉండనివ్వండి, వాళ్ళకు వేగమే కూడు పెడుతుంది.

లేత్ షాపులో చేయించుకోదగ్గవి

పాదం అడుగున పళ్ళ ముద్ర పడుతుంటే నున్నటి పాదం కొనండి. దొరక్కపోతే పాత పాదం అడుగును నీటి కాగితంతో రుద్ది, అద్దంలా మెరిసే దాకా పాలిష్ చేయించండి. అంచు గైడు, ఫ్లాట్ టేబులు, రెడ్యూసర్ బ్రాకెట్ లాంటివి నెల్లూరు ఆటోనగర్‌లో మంచి లేత్ పనివాడు కొలతలు ఇస్తే చేసేస్తాడు. పుల్లీ గాడి బెల్టు సైజుకు సరిపోవాలి. ఆ ఒక్కటీ కాగితం మీద గీసి ఇవ్వండి.

హుక్‌ను అరగదీసి లావు దారం పట్టేలా చేస్తాననేవాళ్ళ చేతికి మెషిన్ ఇవ్వకండి. ఆర్మ్ సన్నం చేయడానికి గ్రైండర్ పెట్టడం కూడా అంతే. అది పోత ఇనుము, పగిలితే మళ్ళీ నిలబడదు.

సెకండ్ హ్యాండ్ చూడటానికి వెళ్తే

రాణిపేట, ఆంబూరు, చెన్నై వైపు ఫ్యాక్టరీల్లో వాడి తీసేసిన మెషిన్లు అమ్మకానికి వస్తుంటాయి. రైల్లో నెల్లూరు నుంచి చెన్నై 175 కి.మీ. చిల్లర, ఒంగోలు నుంచి 290 పైన. ఒక రోజు పెట్టుకుని స్వయంగా వెళ్ళండి, ఫోటో చూసి బయానా ఇవ్వకండి. మీ సొంత తోలు, మీ దారం, కొత్త సూదులు పట్టుకెళ్ళండి. అమ్మేవాళ్ళు గుడ్డ ముక్క మీద కుట్టి చూపిస్తే అది పరీక్ష కాదు.

ముందు బెల్టు తీసేయించి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఒక చుట్టంతా ఒకే బరువుతో తిరగాలి. ఒకచోట పట్టేసి, మరోచోట వదిలేస్తే లోపల ఏదో వంగింది. సూది కడ్డీని వేళ్ళతో పట్టి పక్కలకు ఆడించండి, ఊగితే బుష్‌లు అరిగాయి. తర్వాత సూది ప్లేటు విప్పించి సూదిని అట్టడుగుకు దించి, మళ్ళీ పైకి తీసుకురండి. మీడియం తరగతిలో సూది 2 నుంచి 2.5 మి.మీ. లేచేసరికి హుక్ మొన సూది వెనక గుంట మధ్యకు, కన్నుకు కొంచెం పైన చేరాలి. సూదికీ మొనకీ మధ్య పల్చటి కాగితమంత సందు ఉండాలి. మొనను భూతద్దంతో చూడండి. మొద్దుబారి ఉన్నా, చిన్న గాటు ఉన్నా హుక్ ధర తగ్గించి బేరమాడండి. పెద్ద షటిల్ ఉన్న హెవీకి ఈ కొలతలు వేరు, ఆ మోడల్ మాన్యువల్ చూసుకోవాలి.

ఆఖరి పరీక్ష మెట్టు. తోలు రెండు పొరలతో మొదలుపెట్టి, మధ్యలో నాలుగు పొరలయ్యేలా పేర్చి కుట్టండి. మెట్టు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కుట్టు వదలకూడదు, పొడవు మారకూడదు. తర్వాత రివర్స్‌లో నాలుగు కుట్లు వేస్తే సూది పాత రంధ్రాల్లోనే పడాలి. పక్కకు పడితే ఫీడు సర్దుబాటు చేయాలి, అది సమస్య కాదు. ఒక్కోసారి ఒక్కోచోట పడితే మాత్రం ఫీడు కీళ్ళు అరిగిపోయాయి, ఆ మెషిన్ వదిలేయండి.

హుక్, బాబిన్ కేసు, పాదాలు ఇంకా మార్కెట్లో దొరుకుతున్నాయా అని అక్కడే అడగండి. అవి దొరకని అసలు జర్మనీ మెషిన్ కంటే అవి దొరికే చైనా నమూనా మన ఊళ్ళలో మేలు.

ఏది కొన్నా తప్పని పోషణ

తోలు పొడి, దారానికి ఉన్న మైనం కలిసి హుక్ చుట్టూ నల్లటి ముద్దలా పేరుకుంటాయి. పొద్దున కూర్చునే ముందు బాబిన్ తీసి, బ్రష్‌తో ఊడ్చి, హుక్ గాడిలో ఒక చుక్క తెల్లటి మెషిన్ ఆయిల్ వేయాలి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్ళకు బంకలా అతుక్కుంటుంది, వాడిన ఇంజిన్ ఆయిల్ అయితే తోలు మీద మరక వేస్తుంది. నూనె వేశాక పనికిరాని ముక్క మీద కాసేపు కుట్టి, అప్పుడు అసలు పని పెట్టండి. సూది దారం మాటిమాటికీ పోగులు లేస్తుంటే పాదం, సూది ప్లేటు, దారం వెళ్ళే రంధ్రాల్లో పాత దారం కోసిన గాడి ఉందేమో వేలిగోరుతో తడిమి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ పాలిష్ చేయాలి.

సూది సైజు బాగా మార్చినప్పుడల్లా హుక్ సందు మళ్ళీ చూసుకోవాలి. 16 సూదికి సర్దిన మెషిన్‌లో 23 పెడితే మొన సూదికి రాసుకుంటుంది. అందుకే రెండు రకాల పనీ చేసేవాళ్ళు ఒక వారం పల్చటి పని, ఒక వారం మందం పని అని విడదీసుకుంటే మెషిన్‌కీ, మీకూ సుఖం.

కొత్తపట్నం, కావలి, కృష్ణపట్నం వైపు సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తడి దానికి తోడైతే, రెండు రోజులు ముట్టుకోని మెషిన్‌కి సూది ప్లేటు మీదే ఎర్రటి చుక్కలు వస్తాయి. రాత్రి ప్లాస్టిక్ కవరు కప్పకండి, లోపల చెమ్మ పట్టేస్తుంది. మెరిసే భాగాలన్నీ నూనె గుడ్డతో తుడిచి పాత కాటన్ దుప్పటి కప్పండి. తడిపిన తోలు కుట్టిన రోజు సూది తీసేసి, ప్లేటు విప్పి, ఆర్మ్ లోపలి వైపు కూడా తుడవాలి. మెషిన్ రోజుల తరబడి ఆగిపోతుందనుకుంటే పాదం కింద ఒక తోలు ముక్క పెట్టి దించి ఉంచండి, వారానికోసారి చక్రాన్ని చేత్తో నాలుగు చుట్లు తిప్పండి.